నాకు తీర్థం వద్దు

కొబ్బరి నీళ్లు తాగితే నేను చచ్చిపోవచ్చు. ఈ మాట నవ్వుతూ చెప్పాను, బతిమాలుతూ చెప్పాను, చివరికి అరుస్తూ చెప్పాను. విన్నవాళ్లంతా తల ఊపారు. మరుసటి శనివారం మళ్లీ కొబ్బరిచిప్ప నా ముందు పెట్టారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కాగితం మీది మాటకు "ఒక్క గుక్కకేమైతది" అని అడ్డం చెప్పడం కొంచెం కష్టం కదా.

మాది కొత్తకోట దగ్గర పల్లె. మా ఆయన కౌలు చేనులో పల్లికాయ వేస్తాడు. నేను వనపర్తిలో డిగ్రీ చదివి, పెళ్లయ్యాక ఇంట్లో కుట్టుమిషను పెట్టుకున్నాను. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల బట్టలు కుట్టేదాన్ని. ముప్పై దాటకముందే నా కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. ఎందుకు మానేశాయో ఏ డాక్టరూ కచ్చితంగా చెప్పలేదు. బీపీ ఎప్పటినుంచో ఉండి ఉంటుంది, నువ్వు గమనించి ఉండవు అన్నారు. డాక్టర్లకు తెలియని కారణం మా వాడకట్టులో మాత్రం అందరికీ తెలుసు. ముట్టయినప్పుడు నేను గుడి ముందు నుంచి నడిచానని ఒకామె అంది. పోయిన జన్మలో ఎవరికో నీళ్లియ్యకుండా తరిమి ఉంటానని ఇంకొకామె తేల్చింది. ఆమె మా ఇంట్లో చాయ తాగుతూనే ఆ మాట అంది.

నాకు భక్తి కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. మా నాయన మా పుట్టినూళ్లో భజన గుంపుకు పెద్ద. శనివారం సాయంత్రం ఆంజనేయస్వామి గుళ్లో ఆయన హార్మోనియం ముందు కూర్చుంటే, పక్కన తాళాలు వేసేది నేనే. మాటలు సరిగ్గా రాని వయసులోనే పాటలు వచ్చాయి. నాయన పోయాక కూడా, పెళ్లయి ఈ ఊరు వచ్చాక కూడా, నేను శనివారం గుడికి పోకుండా లేను. జబ్బు చేశాక పోవడం ఇంకా ఎక్కువైంది. అలాంటి నన్ను పట్టుకుని "నీకు నమ్మకం లేదు" అన్నారు. ఆ సంగతే చెప్పబోతున్నాను.

వారానికి మూడు రోజులు వనపర్తిలోని డయాలసిస్ కేంద్రానికి పోతాను. నా ఎడమ చేతిలో రెండు రక్తనాళాలను కలిపి ఆపరేషన్ చేశారు. అక్కడ వేలు పెడితే లోపల తుమ్మెద చిక్కుకున్నట్టు గుయ్యిమంటుంది. ఆ చోట రెండు లావు సూదులు గుచ్చుతారు. ఒక గొట్టంలోంచి నెత్తురు మిషన్‌లోకి పోయి, శుభ్రమై, ఇంకో గొట్టంలోంచి తిరిగి వస్తుంది. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఇది జబ్బు నయం చేసేది కాదు. ఎల్లుండి దాకా బతకనిచ్చేది.

మధ్యలో ఎలా బతకాలో దానికీ నియమాలున్నాయి. నాకు ఒంటికి పోవడం దాదాపు ఆగిపోయింది, కాబట్టి తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి. రోజు మొత్తానికి ఒక చిన్న సీసా నీళ్లు. ఎండాకాలంలో మా వైపు ఆ సీసాతో పొద్దు గడపడం ఎంత కష్టమో నోరు ఎండినవాళ్లకే తెలుస్తుంది. అరటిపండు వద్దు, కొబ్బరి వద్దు, కొబ్బరి నీళ్లు అసలే వద్దు. వాటిల్లో ఉండే పొటాషియం మంచి కిడ్నీలున్నవాళ్లకు బలం. మాకు అది ఒంట్లో పేరుకుని గుండెను ఆపేస్తుంది. ఒకసారి ఆలోచించండి. తీర్థం, కొబ్బరి, అరటిపండు. గుడిలో చేతిలో పెట్టేవన్నీ నాకు పనికిరానివే.

బలానికి గుడ్డు తినాలన్నారు, రోజూ. శనివారం కూడా. మా అత్తమ్మ శనివారం ఇంట్లో గుడ్డు అన్న మాట కూడా అననివ్వదు. మూడు రాళ్లు పెట్టుకుని వాకిట్లో, ఎవరింటి పనిమనిషిలాగానో, నా గుడ్డు నేను ఉడకబెట్టుకునేదాన్ని. ఆపరేషన్ అయిన చేతికి గాజులు వద్దన్నారు. ఒత్తుకుంటే నాళం మూసుకుపోతుంది. "మొగుడు బతికుండంగ ముండమోపి లెక్క బోడిచెయ్యి ఏందే?" అని అత్తమ్మ అందరి ముందూ అనేది. నేను ఆ చేతి మీద కొంగు కప్పుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ కొంగు ఎందుకు కప్పుకున్నానా అని మండుతుంది.

ఇంకో రకం మనుషులున్నారు. వాళ్లు చదువుకున్నవాళ్లు. "ఇంకా గుళ్లెందుకమ్మా, ఆ మిషనే నీ దేవుడు" అంటారు. వాళ్ల మీదా నాకు కోపమే. మిషన్ మిషనే. అది చెడిపోతే బాగుచేయడానికి మనిషి వస్తాడు, సంచి తెరిచి స్క్రూలు విప్పుతాడు. దాని మీద నాకు గౌరవం ఉంది, భయం ఉంది. దానితో నేను నా బాధ చెప్పుకోలేను. సూది గుచ్చేటప్పుడు "రామా" అంటే అది పలకదు. దేవుడూ పలకడు, ఆ మాట వేరు. కానీ మా నాయన పాడింది ఆయనకు.

ఆ కేంద్రంలో నా పక్క మంచం ఒక గద్వాల పెద్దమ్మది. పట్టుచీరలు నేసిన ఇల్లు వాళ్లది. ఆమె పెళ్లయిన నాటి నుంచి మగ్గం మీద కూర్చున్న మనిషి. చేతికి ఆపరేషన్ అయ్యాక మగ్గం ఆగిపోయింది. వనపర్తిలో ఉన్న కూతురి దగ్గర ఉంటూ డయాలసిస్‌కు వచ్చేది. నేను మొదటి రోజు సూదులు చూసి ఏడుస్తుంటే, అటువైపు మంచం మీద నుంచి అంది:

"ఏడువకు బిడ్డా. కొత్త మగ్గం మీద కూసున్నా ఇట్లనే భయమైతది. అటు చూడకు, నన్ను చూడు."

ఆమెను చూశాను. ఆమె సన్నగా నవ్వి, గొంతు పైకి రాకుండా ఒక తత్వం ఎత్తుకుంది. మా నాయన పాడేదే. రెండో చరణం ఆమెకు గుర్తు రాకపోతే నేనందించాను. అప్పటి నుంచి మాకు అదే అలవాటైంది. నాలుగు గంటలూ ఆమె ఒక చరణం, నేనొక చరణం. మధ్యలో బీపీ పడిపోతే ఆగేవాళ్లం, కాళ్లు పట్టేస్తే పళ్లు బిగించేవాళ్లం, మళ్లీ ఎత్తుకునేవాళ్లం. నాకు శనివారం భజన ఆ గదిలోకి మారిందనిపించింది. ఆ రోజుల్లో నేను దేవుడితో గొడవ పడలేదు. అవసరం రాలేదు.

పెద్దమ్మకు దాహం ఎక్కువ. నీళ్ల సీసా మధ్యాహ్నానికే అయిపోయేది. "మంచినీళ్లు కలల వస్తున్నయ్ బిడ్డా. బిందె ఎత్తి తాగుతున్నట్టు" అనేది. నేను ఐసుముక్క చప్పరించమని చెప్పాను. ఒకసారి నోరు పుక్కిలిస్తూ మింగేసి, దొంగతనం చేసిన పిల్లలా నా వైపు చూసి నవ్వింది.

ఒక వారం ఆమె గద్వాలకు పోయింది. వాళ్ల పుట్టింటి వాళ్లు అమ్మవారికి అభిషేకం చేయిస్తున్నారు. శుక్రవారం డయాలసిస్ చేయించుకుని పోయి, సోమవారం పొద్దున్నకల్లా తిరిగి వస్తానంది. సోమవారం నేను పోయేసరికి ఆమె మంచం మీద వేరే మనిషి పడుకుని ఉంది. నర్సును అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ముందు సూదులు వేయనివ్వమంది. వేశాక చెప్పింది. నేను లేచి పోలేను కదా. గొట్టాలకు కట్టేసి ఉన్నాను. నాలుగు గంటలు ఆ మంచం పక్కనే, ఆ వార్తతో పడుకున్నాను.

తర్వాత ఆమె కూతురు ఫోన్‌లో సంగతి చెప్పింది. అభిషేకం అయ్యాక పెద్దమ్మ అన్న, ఇంటికి పెద్ద, చెంబు నిండా కొబ్బరి నీళ్లు తెచ్చి చెల్లెలి ముందు పెట్టాడట. ఆమె మొదట వద్దందట. "అమ్మవారి మీద పోసిన నీళ్లు. నీ రోగం కడుక్కపోతది. తాగు" అన్నాడట. అన్న మాట ఆమె ఎన్నడూ కాదనలేదు. పైగా దాహం. చెంబు ఎత్తి మొత్తం తాగేసిందట. ఆదివారం పొద్దుగూకే వేళకు చేతులు కాళ్లు చచ్చుబడ్డాయి, గుండె ఆగింది. మా డాక్టరును అడిగితే, రక్తపరీక్ష లేకుండా కచ్చితంగా చెప్పలేనని, కానీ అదే అయి ఉండొచ్చని అన్నాడు. నాకు ఆ "ఉండొచ్చు" చాలు.

కర్మ రోజు గద్వాల పోయాను. మా ఆయన తీసుకుపోయాడు. వాకిట్లో చాప మీద పెద్దమ్మ అన్న కూర్చుని వచ్చినవాళ్లతో చెబుతున్నాడు. తెల్లటి పంచె, నుదుట బొట్టు, గొంతులో ఒక రకమైన తృప్తి.

"పుణ్యాత్మురాలు. ఎంతమందికొస్తది గసుంటి చావు? అమ్మవారి తీర్థం నోట్ల పడ్డది, పాణం పోయింది."

నా పక్కనున్న ఆడవాళ్లు కళ్లొత్తుకుంటూ తలలూపారు. నాలో ఏదో తెగింది.

"తీర్థం నోట్ల పడ్డందుకే పాణం పోయింది పెద్దయ్యా" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి, "నువ్వెవరమ్మా?" అన్నాడు.

"ఆమె పక్క మంచం మనిషిని. ఆమెకు ఆ నీళ్లు విషమని దవాఖానల చెప్పిండ్రు. మీకు తెల్వదా? తెల్సి పోసిండ్రా?"

ఆయన లేవబోయాడు. ఎవరో "కర్మ కాడ గిదేం లొల్లి?" అన్నారు. పెద్దమ్మ కూతురు వచ్చి నా రెక్క పట్టుకుని మగ్గం ఉన్న గదిలోకి లాక్కుపోయింది. ఖాళీ మగ్గం. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె తలుపు దగ్గరికేసి, నా భుజం మీద తల పెట్టి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

"నాకు తెల్వదనుకున్నవా అక్కా? చెంబు చూసినప్పుడే చెప్పిన, మామా వద్దు అని. నన్ను ఆడిపిల్లవు ఊకో అన్నడు. ఇప్పుడు నువ్వే చంపినవని అంటే నాకు ఈ ఇల్లుంటదా? మా అమ్మ పోయింది, ఇంక వీళ్లు గూడ లేకుంటే ఎట్ల?"

నిజం అరిచి నేను కొత్తకోట పోతాను. ఆమె ఆ నిజంతో అక్కడే ఉండాలి. దారి పొడుగునా బండి వెనక కూర్చుని నేను పళ్లు కొరుకుతూనే ఉన్నాను. ఆయన మీద కోపం, తలలూపిన ఆడవాళ్ల మీద కోపం, ఎన్నడూ అన్న మాట కాదనని పెద్దమ్మ మీద కోపం. కృష్ణ మీది జూరాల కట్ట దాటుతున్నప్పుడు అన్ని నీళ్లు చూసి ఇంకా ఎక్కువైంది.

ఇక మా ఇంటి సంగతి. నేను గద్వాలలో చేసిన గొడవ నాకంటే ముందే ఇల్లు చేరింది. కానీ అత్తమ్మ మనసులో వేరే లెక్క నడుస్తోంది. నాకు జబ్బు చేసిన కొత్తలోనే ఆమె మా ఊరి ఆంజనేయస్వామికి మొక్కుకుందట. కోడలికి మిషన్ తప్పితే నూట ఎనిమిది కొబ్బరికాయలు కొడతానని. ఎంతకీ తప్పకపోయేసరికి ఎవరో చెప్పారు, మొక్కు ముందే చెల్లించి, మొదటి కాయ నీళ్లు కోడలితో తాగిస్తే ఫలితం వస్తుందని. నాకు ఈ షరతు ఎవరూ చెప్పలేదు. కాయలు కొట్టడానికని శనివారం గుడికి తీసుకుపోయారు.

మొదటి కాయ కొట్టి, పూజారి ఆ నీళ్లు పెద్ద చిప్పలో పట్టి అత్తమ్మకిచ్చాడు. అత్తమ్మ రెండు చేతులా పట్టుకుని నా ముందుకు తెచ్చింది.

"తాగు. మొత్తం తాగాలె."

"అత్తమ్మా, నాకు వద్దు."

"ఒక్క గుక్కకేమైతదమ్మా?" అన్నాడు పూజారి.

ఒక్క గుక్కతో చావనని నాకూ తెలుసు. అందరూ ఒక్క గుక్కే అంటారు. పెద్దమ్మ ముందు పెట్టినప్పుడూ అది ఒక్క చెంబే. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చేతులు జోడించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ప్రతి డయాలసిస్‌కూ బండి మీద తీసుకుపోయే మనిషి, డాక్టరు చెప్పినదంతా నాతో పాటు విన్న మనిషి. కళ్లు మూసుకున్నాడు.

"నీకు దేవుని మీద నమ్మకం లేదే" అంది అత్తమ్మ. "అందుకే నయమైతలేదు. ఊరంత మొక్కుతున్నది నీ కోసం. నువ్వే నమ్మవు."

నేను ఎడమ చెయ్యి ఆమె ముందు చాపాను.

"నమ్మకం లేకపోతే ఆ సూదుల కింద చెయ్యెట్ల పెడుతున్ననత్తమ్మా? ఎవరి పేరు తలుచుకొని పెడుతున్న? నువ్వెప్పుడన్న అడిగినవా?"

చిప్ప ఆమె చేతుల్లోంచి తీసుకున్నాను. తాగుతాననుకుని అందరి ముఖాలూ తేటపడ్డాయి. నేను గడప దగ్గరికి పోయి, ఆ నీళ్లన్నీ స్వామి ముందు బండ మీద గుమ్మరించాను.

"ఆయననే తాగమను. ఆయన కిడ్నీలు మంచిగనే ఉన్నయ్."

అన్నాక నాకే భయం వేసింది. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోను. పూజారి చెంపలేసుకున్నాడు. అత్తమ్మ మిగిలిన కాయల బుట్ట అక్కడే వదిలేసి ఇంటికి నడిచిపోయింది.

మా ఆయన బండి స్టార్ట్ చేసి చేల దారి పట్టాక, "అంత మాట అనకుండ ఉండాల్సింది" అన్నాడు.

"నువ్వు నోరు తెరిస్తే నేను అనకపోదును. ఎందుకు తెరువలే?"

"మా అమ్మ నిన్ను చంపుదామని మొక్కిందా? నువ్వు బతకాలనే గదా."

"పెద్దమ్మ అన్న గూడ ఆమె బతకాలనే పోసిండు."

ఆయన బండి ఆపాడు. దిగి, చేను గట్టు మీద కూర్చున్నాడు. నేను బండి దగ్గరే నిలబడ్డాను. ఆయన ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. పోయి ఓదార్చాలనిపించలేదు. ఆ రోజు నాకు ఎవరినీ ఓదార్చే ఓపిక లేదు.

అత్తమ్మ నాతో మాట్లాడటం మానేసింది. అన్నం గిన్నె ముందు పెట్టి పోయేది. ఊళ్లో నన్ను చూసి ఆడవాళ్లు గుసగుసలాడేవాళ్లు. నేను శనివారాలు గుడికి పోతూనే ఉన్నాను. నన్ను రావద్దనే ధైర్యం ఎవరికీ లేదు. పలకరించే ధైర్యమూ లేదు.

పల్లికాయ పీకే పనులొచ్చాయి. మా ఆయనకు చేను వదిలే వీల్లేకపోయింది. డయాలసిస్ అయ్యాక నాకు కళ్లు తిరుగుతాయి, ఒక్కదాన్నే బస్సులో రాలేను. ఆ పొద్దున నేను సంచి సర్దుకుంటుంటే అత్తమ్మ చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది. ఇద్దరం బస్సెక్కాం.

సూదులు వేసేటప్పుడు నర్సు ఆమెను బయట కూర్చోమంది. ఆమె కదల్లేదు. సూది దిగింది. గొట్టం ఎర్రబడింది. నెత్తురు మెలికలు తిరుగుతూ మిషన్ ఎక్కడం ఆమె మొదటిసారి చూసింది. నా మంచం అంచు పట్టుకుంది.

"ఇదంత నీదేనా?"

"నాదే."

ఆమె చాలాసేపు ఆ గొట్టాలనే చూసింది. తర్వాత మిషన్ దగ్గర నిలబడ్డ టెక్నీషియన్‌ను పిలిచింది.

"సారూ, కొబ్బరి నీళ్లు తాగితే ఏమైతది?"

"గుండె ఆగొచ్చవ్వా. అస్సలు తాగియ్యొద్దు" అన్నాడు అతను, మిషన్ మీద అంకెలు చూసుకుంటూ.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "గిట్లని మాకు ముందుగాల ఎవ్వలు చెప్పిండ్రు?"

నా నెత్తురంతా అప్పుడు మిషన్‌లో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే మరిగేది.

"నేను చెప్పలేదా అత్తమ్మా? ఎన్నిసార్లు చెప్పలే?"

"నువ్వు చెప్తే… నువ్వు కోడలివి" అంది ఆమె. సిగ్గుపడలేదు. అది ఆమెకు లోకంలో అన్నిటికంటే మామూలు విషయం.

నేను కళ్లు మూసుకున్నాను. మిషన్ బీపీ చూసి కూత పెట్టింది. నర్సు వచ్చి, "అక్కా, కోపం తగ్గించుకో, బీపీ ఎక్కుతున్నది" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

అప్పటి నుంచి అత్తమ్మ పూర్తిగా తిరిగిపోయింది, నా వైపుకు. పెళ్లిలో ఎవరో నా ముందు అరటిపండు పెడితే, "దానికియ్యొద్దు, గుండె ఆగుతది, దవాఖానల సారు చెప్పిండు" అని పందిరంతా వినపడేలా అరిచింది. నేను చెప్పినట్టు కాదు, సారు చెప్పినట్టు. గుడ్డు మాత్రం ఇప్పటికీ వాకిట్లోనే. గాజుల మాట ఎత్తడం మానేసింది. మాకు పూర్తిగా పొత్తు కుదిరిందని చెప్పను. నాలో కోపం తగ్గిందనీ చెప్పను. ఒక మనిషి ప్రాణం ఎవరి నోటి మాట మీద నిలబడుతుందో చూశాక అది తగ్గదు.

పోయిన నెల ఆమె వదిలేసిన మొక్కు తీర్చుకుంది. కాయలన్నీ కొట్టి, నీళ్లు పిల్లలకు పంచింది. పూజారి నా దగ్గరికి వచ్చినప్పుడు తీర్థం చెంబు పక్కకు పెట్టి, ఒక తులసి ఆకు చేతిలో వేశాడు. కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాను. అందరూ బయటికి పోతున్నారు. నేను స్వామి ముందే నిలబడి, పైకే అడిగాను. పెద్దమ్మ నీ పాటలే పాడింది కదా, ఆ చెంబు ఎత్తినప్పుడు నువ్వెక్కడున్నావు? ఆమె చెయ్యి ఎందుకు పట్టుకోలేదు? గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా లేచింది.

అత్తమ్మ వెనక నుంచి నా మోచెయ్యి తాకింది, కుడి చేతిది. "మెల్లగ అడుగవే. జనం ఉన్నరు."

"ఆయనకు వినపడాలె గదా."

ఆమె ఒకసారి స్వామి వైపు, ఒకసారి నా వైపు చూసింది.

"సరే, అడుగు" అంది. "నేను చెప్పుల కాడ కూసుంట."